రేపు పొద్దునే సంతకం పెట్టి పాపతో ఇంటికి వెళ్ళిపోదామనుకుంటున్నాను

తొలికాన్పు_ఉయ్యూరు
గురువారం, రాత్రి 11:42

అందరికీ నమస్కారం. నిద్ర పట్టక రాస్తున్నాను. బుధవారం ఉదయం 10:40కి నాకు పాప పుట్టింది. నార్మల్ డెలివరీ, కుట్లు పడ్డాయి. పాప 2 కిలోల 750 గ్రాములు, 37 వారాలు నిండాయి. విజయవాడ సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నాం.

నిన్న పుట్టగానే డాక్టరు గారు అంతా బాగుంది, శుక్రవారం పంపించేస్తాం అన్నారు. ఈ సాయంత్రం పిల్లల డాక్టరు వచ్చి పాప ముఖం, ఛాతీ కాస్త పచ్చగా ఉన్నాయని రక్తం తీయించారు. కామెర్లు 10.8 ఉన్నాయట. రేపు సాయంత్రం మళ్ళీ చూస్తాం, అప్పటిదాకా వద్దు అన్నారు. నాది ఓ పాజిటివ్, పాపది బి పాజిటివ్. దానివల్ల కూడా ఆగమంటున్నామన్నారు. కామెర్లు తగ్గించే లైటు కింద పెట్టలేదు, మందు ఇవ్వలేదు. ఊరికే ఉంచారు.

రూము అద్దె రోజుకు 3,500. నర్సింగ్ ఛార్జీలు, డాక్టరు వచ్చినప్పుడల్లా ఫీజు వేరే. తొలి కాన్పు కదా, ఖర్చంతా మా నాన్నదే. మినుములు అమ్మిన డబ్బు తెచ్చి కట్టాడు. ఈ రోజు కింద బిల్లింగ్ దగ్గర నిలబడి కాగితం తిప్పి తిప్పి చూస్తుంటే పైనుంచి నేను చూశాను. అప్పటినుంచి మనసు మనసులో లేదు.

మా అత్తగారు ఫోన్ చేసి రేపు సప్తమి, రేపు దాటితే శనివారం అష్టమి, ఆదివారం నవమి, పసిబిడ్డ ఇంట్లో అడుగుపెట్టకూడదు అంటున్నారు. మా నాయనమ్మేమో కామెర్లు అందరి పిల్లలకీ వచ్చేవే, పొద్దున ఎండలో పడుకోబెడితే పోతాయి అంటోంది. మా ఊరు ఉయ్యూరు దాటి ఇంకో పది కిలోమీటర్లు. సంతకం పెట్టి వెళ్ళిపోతే ఏమవుతుంది? వాళ్ళు పంపకుండా ఆపగలరా? దయచేసి ఎవరైనా చెప్పండి.


కృష్ణలంక_88
గురువారం, రాత్రి 11:58

ముందు అభినందనలు చెల్లెమ్మా. మహాలక్ష్మి పుట్టింది.

మా రెండోవాడప్పుడు నేను రెండో రోజే సంతకం పెట్టి వచ్చేశాను. ఏమీ కాలేదు. వాడికిప్పుడు ఆరేళ్ళు. ఇంకో రోజు చూద్దాం అని వాళ్ళు ఊరికే అన్నారు, ఎందుకు అంటే సరైన జవాబు చెప్పలేదు. నీకూ ఊరికే ఉంచారనిపిస్తే ధైర్యంగా అడిగి వెళ్ళిపో. ఇంటి దగ్గర నిద్ర, తిండి బాగుంటే పాలు కూడా బాగా పడతాయి.


బ్రాడీపేట_నాన్న
శుక్రవారం, ఉదయం 12:31

మీరు అడిగిన రెండో ప్రశ్నకు ముందు జవాబు. ఆపలేరు. పూర్తి స్పృహలో ఉన్న పేషెంటు వెళ్తానంటే ఆసుపత్రి పట్టుకుని కూర్చోకూడదు. బిల్లు బాకీ ఉందని మనిషిని ఆపటం కూడా తప్పే. జాతీయ మానవ హక్కుల సంఘం రోగుల హక్కుల పత్రం ఒకటి తయారుచేసింది. 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ దాన్ని అమలు చేయమని రాష్ట్రాలకు పంపింది. సంఘం పత్రంలో డిశ్చార్జి తీసుకునే హక్కు ఉంది, ఏ పరీక్ష ఎందుకు చేస్తున్నారో అర్థమయ్యేలా చెప్పించుకునే హక్కూ ఉంది. మీకు ఈ రాత్రి రెండో హక్కు ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం.

సంతకాల సంగతి. ఆసుపత్రుల్లో రెండు మాటలు వాడతారు. ఒకటి డిశ్చార్జ్ ఆన్ రిక్వెస్ట్, అంటే మీరు అడిగారు, డాక్టరు ఒప్పుకుని జాగ్రత్తలు చెప్పి పంపారు. రెండోది లామా, అంటే డాక్టరు వద్దన్నా వెళ్ళిపోయారు. లామా కాగితంలో, వెళ్తే ఫలానా ప్రమాదం ఉందని మాకు చెప్పారు, తెలిసే వెళ్తున్నాం అని మీరు రాసిచ్చినట్టు ఉంటుంది. చదవకుండా సంతకం పెట్టకండి. పెట్టినా సరే మళ్ళీ అదే ఆసుపత్రికి వెళ్ళే దారి మూసుకుపోదు. రిపోర్టులన్నీ తీసుకోండి. రికార్డుల నకలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో 2002 నుంచీ ఉంది.

ఇన్సూరెన్స్ ఉందా? ఉంటే లామా రాసేముందు వాళ్ళకు ఫోన్ చేసి క్లెయిమ్ సంగతి కనుక్కోండి. మాకు పాప పుట్టినప్పుడు ఉదయం పదింటికి వెళ్ళొచ్చు అన్నారు, ఇన్సూరెన్స్ అప్రూవల్ వచ్చేసరికి రాత్రి ఏడు దాటింది. బాలింతని కుర్చీలో కూర్చోబెట్టి తొమ్మిది గంటలు ఎదురుచూశాం. ఇప్పుడైతే ఆసుపత్రి కాగితాలు పంపిన మూడు గంటల్లోపు అప్రూవల్ ఇవ్వాలని 2024లో రూలు తెచ్చారు.

ఇవన్నీ హక్కులు. వెళ్ళమని మాత్రం నేను చెప్పటంలేదు. పిల్లల డాక్టరు ఒక కారణం చెప్పారు కదా, ఆ కారణం ఎంత పెద్దదో తెలిసినవాళ్ళు ఎవరైనా ఇక్కడ చెప్పాలి.


నర్సక్క_గుంటూరు
శుక్రవారం, ఉదయం 5:52

నైట్ డ్యూటీలో మధ్యలో చూశాను, ఇప్పుడు ఖాళీ దొరికింది. కొత్తపేటలో, అంతకుముందు వేరే ఊళ్ళో, మొత్తం పద్నాలుగేళ్ళుగా పసిపిల్లల వార్డులో పనిచేస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, మీ పాపని చూడలేదు. అది గుర్తుపెట్టుకుని చదువు తల్లీ.

నువ్వు "ఊరికే ఉంచారు" అని రాశావు. ఆ ఒక్క మాట దగ్గరే నాకు భయం వేసింది. కామెర్ల అంకె ఒంటరిగా ఏమీ చెప్పదు. పుట్టి ఎన్ని గంటలైంది, ఎన్ని వారాలకు పుట్టింది, తల్లీబిడ్డల బ్లడ్ గ్రూపులేంటి, ఈ మూడూ పక్కన పెట్టి చూడాలి. 10.8 అనేది నాలుగో రోజు బిడ్డకైతే మేం పెద్దగా కంగారుపడం. మీ పాపకి రక్తం తీసింది పుట్టి ఒకటిన్నర రోజు కూడా కాకముందే. అప్పటికే 10.8 అంటే పైకి ఎక్కుతున్న దారిలో ఉందన్నమాట. నెలలు నిండిన బిడ్డల్లో కామెర్లు సాధారణంగా మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా పెరిగి ఆ తర్వాత దిగుతాయి. అంటే మీరు వెళ్దామనుకుంటున్న రోజు తర్వాతే అసలు పెరిగే రోజులు.

ఇక గ్రూపు. అమ్మ ఓ అయి బిడ్డ ఏ గానీ బి గానీ అయితే, అమ్మ రక్తంలోంచి వచ్చిన యాంటీబాడీలు కొందరు పిల్లల్లో ఎర్రకణాలని త్వరగా విరగ్గొడతాయి. అందరికీ అలా కాదు. కానీ ఎవరికి అవుతుందో ముందు తెలియదు, రెండో పరీక్షలో అంకె ఎంత వేగంగా పెరిగిందో చూస్తేనే తెలుస్తుంది. మీ డాక్టరు రేపు సాయంత్రం అన్నది అందుకే. ఆ మధ్యలో మందు ఇవ్వలేదంటే ఏమీ చేయటంలేదని కాదు.

37 వారాలు కూడా ఒక సంగతే. నెలలు నిండినట్టే లెక్క. అయినా 39, 40 వారాల బిడ్డ కంటే ఈ పిల్లలు నిద్ర ఎక్కువ పోతారు, రొమ్ము పట్టి రెండు నిమిషాలకే వదిలేస్తారు. పాలు తక్కువ తాగితే విరేచనం తక్కువ. కామెర్లు శరీరంలోంచి బయటికి పోయే దారి ఎక్కువగా అదే.

ఎండ గురించి. పెద్దావిడ మాట కొట్టిపారేయాలని కాదు, పాతరోజుల్లో వేరే దారి లేదు. కానీ ఇది రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలో మూడు రోజుల బిడ్డని బట్టలిప్పి పడుకోబెడితే ఒంట్లో నీరు లాగేస్తుంది. బట్టలు కప్పి కిటికీ దగ్గర పెడితే కామెర్లకు ఉపయోగం ఉండదు. లైటు వైద్యం కావాల్సిన బిడ్డకు ఎండ దానికి బదులు కాదు. అంకె బాగా పెరిగిపోతే, ఒంటికి ఆ పచ్చరంగు తెచ్చే బిలిరుబిన్ అనే పదార్థం మెదడుకి చేరుతుంది. అలా దెబ్బతిన్న వినికిడి, దెబ్బతిన్న కాళ్ళూ చేతులూ తర్వాత ఏం చేసినా వెనక్కి రావు. నేను ఒక్క బిడ్డని చూశాను అలా. నూజివీడు వైపు నుంచి ఆరో రోజు తెచ్చారు, ఒళ్ళు విల్లులా వెనక్కి వంగిపోయి. ఇంతకంటే రాయలేను.

నిన్ను భయపెట్టాలని కాదమ్మా. 10.8తో ఉన్న పిల్లల్లో చాలామంది ఏ లైటూ లేకుండానే ఇంటికి వెళ్తారు. ఈ సాయంత్రం పరీక్ష దాకా ఆగు అంతే. డ్యూటీ అయ్యాక మళ్ళీ చూస్తాను.


తెనాలి_పిన్ని
శుక్రవారం, ఉదయం 6:40

అమ్మాయీ, నాకు అరవై మూడేళ్ళు. మంచిరోజు చూడకుండా నేను గుమ్మం దాటను. అందుకే ఈ మాట నేను చెబితే మీ అత్తగారు వింటారని రాస్తున్నాను.

మా మనవడు పుట్టినప్పుడు ఇదే వచ్చింది. మా అమ్మ అప్పటికి బతికే ఉంది. ఆవిడ ఏం చేసిందంటే, మంచి ఘడియకి బిడ్డ బట్టల సంచీ, ఒక పాలగ్లాసు మా ఆయన చేతికిచ్చి ఇంటికి పంపించింది. పసుపు రాసిన గడప మీదుగా ఆ సంచీని లోపలికి తెచ్చి దేవుడి ముందు పెట్టాం. బిడ్డ ప్రయాణం అయిపోయినట్టే అంది. బిడ్డ మూడు రోజుల తర్వాత వచ్చాడు. ఎవరికీ మనసులో ఏమీ మిగల్లేదు. మీ నాన్నతో సంచీ పంపు. ఈ రోజు సప్తమే కదా.

ఇంకో మాట. తేనె నాకించటం, ఆముదం పట్టటం, వసకొమ్ము అరగదీసి పెట్టటం, ఇవన్నీ మేం చేశాం. ఇప్పుడు డాక్టర్లు వద్దంటున్నారు, ఏడాది నిండేదాకా తేనె అసలు వద్దంటున్నారు. మా కోడలు చెబితే మొదట నాకు కోపం వచ్చింది. తర్వాత మానేశాను. ముర్రుపాలు ఒక్క చుక్క కూడా పిండి పారబోయకండి.


మంగళగిరి_అమ్మ
శుక్రవారం, ఉదయం 7:25

ఇది రాయాలా వద్దా అని అరగంట ఆలోచించాను. రాస్తాను.

నాలుగేళ్ళ క్రితం మే నెల. మా పెద్దది పుట్టింది, 3 కిలోల 100 గ్రాములు. నార్మల్. రెండో రోజు ఇంటికి వెళ్తామన్నాం. ఎందుకంటే మా ఇంట్లో మా ఆడపడుచు పెళ్ళి. పందిరి వేసేశారు, బంధువులు వచ్చేశారు. సిస్టర్ ఒకావిడ, పాప రొమ్ము సరిగ్గా పట్టటంలేదు, ఇంకో రోజు ఉండు, నేర్పిస్తాను అంది. మేం వినలేదు. అప్పుడు మాకు అది చిన్న విషయం. పాలు పడకపోతే డబ్బా పాలు ఉన్నాయిగా అనుకున్నాం. ఇంటికి వచ్చాక పెద్దవాళ్ళు డబ్బా పాలు కూడా వద్దన్నారు, అవే పడతాయిలే అన్నారు.

మాది పై అంతస్తు, పైన రేకులు. కూలరు పెట్టాం. ఇల్లంతా జనం. పాప ఏడవలేదు. అందరూ వచ్చి చూసి ఎంత బుద్ధిమంతురాలో, పెళ్ళివారింట్లో పుట్టానని తెలిసినట్టు ఎలా నిద్రపోతోందో అన్నారు. నేను మురిసిపోయాను. నాలుగో రోజు ఒక్కసారే ఉచ్చ పోసింది, బట్ట మీద ఇటుకరంగు మరక పడింది. అది కూడా నేను ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో అందరూ హడావిడిగా ఉన్నారని.

ఐదో రోజు తెల్లవారుజామున ఒళ్ళు కాలిపోతోంది. లేపితే లేవదు. గుంటూరు తీసుకెళ్ళాం. తూస్తే 2 కిలోల 600. అర కిలో పోయింది. ఒంట్లో నీరు పోయి రక్తంలో ఉప్పు పెరిగిపోయిందన్నారు. సెలైన్ కూడా గబగబా ఎక్కించకూడదట, నెమ్మదిగా, గంటలు లెక్కపెట్టి ఎక్కించాలట. ఆరు రోజులు ఐసీయూలో ఉంది. గాజు అవతల నిలబడి చూసేదాన్ని. రొమ్ములు పాలతో గట్టిపడి నొప్పి, పాప మాత్రం లోపల ఉంది.

ఇప్పుడు బాగుంది. ఎల్‌కేజీకి వెళ్తోంది. వినికిడి పరీక్ష, మెదడు స్కాన్ అన్నీ బాగానే వచ్చాయి. కానీ ఆ ఆరు రోజుల బిల్లు, మేం మిగిల్చామనుకున్న ఒక్క రోజు రూము అద్దెకు ఎన్ని రెట్లో నాకు ఇప్పటికీ లెక్క గుర్తుంది.

చెల్లీ, మీ పాప నిద్ర ఎక్కువ పోతోందా? గంటలు రాసిపెట్టు. ఎన్నిసార్లు తాగింది, ఎన్నిసార్లు తడిపింది. రోజుకు 8 నుంచి 12 సార్లు తాగాలి.


కృష్ణలంక_88
శుక్రవారం, ఉదయం 8:10

మంగళగిరి అమ్మ గారూ, చదివి చాలాసేపు ఏమీ తోచలేదు. పాప చల్లగా ఉండాలి.

చెల్లెమ్మా, రాత్రి నేను రాసింది పూర్తిగా రాయలేదు. మా వాడు రెండో సంతానం, పాలు పట్టించటం నాకు అప్పటికే వచ్చు. మా ఇంటి నుంచి ఆసుపత్రికి ఆటోలో పది నిమిషాలు. గ్రూపు తేడా లేదు, కామెర్లు లేవు. నీ పరిస్థితి వేరు. నా మాట పట్టుకుని వెళ్ళకు.

అయితే ఒకటి మాత్రం వెనక్కి తీసుకోను. ఆసుపత్రుల్లో కొన్నిచోట్ల కారణం లేకుండా ఉంచుతారు. ఎందుకు ఉంచుతున్నారని అడిగితే చిరాకుపడతారు. అడిగే తల్లిని తప్పుపట్టకూడదు. నర్సక్క చెప్పినంత వివరంగా మా డాక్టరు చెప్పి ఉంటే నేనూ ఆగేదాన్నేమో.


పటమట_తమ్ముడు
శుక్రవారం, ఉదయం 8:33

అక్కా, డబ్బు విషయం. సింగిల్ రూమ్ నుంచి షేరింగ్ రూమ్‌కి గానీ జనరల్ వార్డుకి గానీ మారతామని అడగండి. మా అక్కకి అలాగే మార్చారు, సగానికి పైగా తగ్గింది. చాలామంది అడగటానికి మొహమాటపడతారు. బిల్లు కూడా ఐటమ్ వారీగా ఇమ్మనండి. వాడని గ్లోవ్స్, సిరంజిలు మా బిల్లులో కనపడితే అడిగాం, తీసేశారు.

ప్రభుత్వ ఆసుపత్రిలో అయితే జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద కాన్పు, మందులు, పరీక్షలు, భోజనం ఉచితం. 2011 నుంచి ఉంది. నార్మల్‌కి కనీసం 48 గంటలు ఉంచాలంటారు, ఇంటికి తల్లీ బిడ్డ ఎక్స్‌ప్రెస్ బండిలో దింపుతారు, 102 నంబరు. పుట్టిన బిడ్డకి జబ్బు చేసినా అక్కడ చూస్తారు. ఇప్పుడు మీరు మధ్యలో మారమని నా ఉద్దేశం కాదు. పాపకి ఎక్కువ రోజులు పట్టేలా ఉంటే మాత్రం ఆ దారి కూడా ఉందని మీ నాన్నగారికి తెలిస్తే ధైర్యంగా ఉంటుంది.


తొలికాన్పు_ఉయ్యూరు
శుక్రవారం, మధ్యాహ్నం 1:15

అందరివీ చదివాను. రెండుసార్లు చదివాను. నర్సక్కా, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను.

పొద్దున రౌండ్లకి పిల్లల డాక్టరు వచ్చినప్పుడు అడిగాను. ఇంటికి వెళ్ళి సాయంత్రం మళ్ళీ తీసుకొస్తే కుదరదా అన్నాను. ఆయన కోప్పడలేదు. మీది విజయవాడే అయితే ఒప్పుకునేవాణ్ణి, ఈ ఎండలో అంత దూరం తిప్పటం, రాత్రి రిపోర్టు ఎక్కువ వస్తే మళ్ళీ రావటం వద్దు అన్నారు. ఈ మధ్యలో ఇంకేం చూస్తున్నారని అడిగితే చెప్పారు. చేతికీ కాలికీ క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూశారట, గుండెలో పెద్ద లోపం ఉంటే అందులో బయటపడే అవకాశం ఉందట. అది బాగుంది. థైరాయిడ్‌కి రక్తం 48 గంటలు దాటాక తీస్తారట. బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి అయిపోయాయి. బరువు ఈ రోజు 2 కిలోల 590. ఆ తగ్గుదల మామూలేనట, పదో వంతు దాటితే ఆలోచిస్తామన్నారు.

షేరింగ్ రూమ్‌కి మారాం. నాన్న వెళ్ళి అడిగాడు. బట్టల సంచీ కూడా తీసుకుని ఇంటికి వెళ్ళాడు. పిన్ని గారూ, మీరు చెప్పినట్టు అత్తగారికి ఫోన్‌లో చెబితే "సరే, అదీ మంచిదే" అన్నారు.

ఇంకో విషయం రాయాలి. డబ్బు, తిథి అని రాశాను గానీ అసలు నేను ఇక్కడ ఉండలేకపోతున్నాను. రాత్రి అందరూ పడుకున్నాక ఏడుపు వస్తోంది. ఎందుకో తెలియదు. రాత్రి రూములో ఆడవాళ్ళనే ఉండనిస్తారు, ఆయన్ని ఎనిమిదింటికి పంపించేస్తారు. పాప రొమ్ము పట్టకపోతే నావల్లే అనిపిస్తుంది. కామెర్లు కూడా నా రక్తం వల్లే వచ్చాయంటున్నారు. ఇంటికి వెళ్తే అన్నీ సర్దుకుంటాయనిపించింది.


ఇద్దరి_తల్లి
శుక్రవారం, మధ్యాహ్నం 1:40

అమ్మలూ, నీ మొదటి పోస్టు చదివినప్పుడే అడుగుదామనుకున్నాను. చివరిసారి వరసగా మూడు గంటలు ఎప్పుడు నిద్రపోయావు? పొద్దున్నుంచి ఏం తిన్నావు?

కాన్పు తర్వాత మూడో రోజు, నాలుగో రోజు ఏడుపు రావటం నాకూ వచ్చింది, మా చెల్లికీ వచ్చింది. పాలు దిగే రోజులు, నిద్ర ఉండదు. మామూలుగా రెండు వారాల్లో తగ్గిపోతుంది. తగ్గకపోయినా, పాప దగ్గరికి వెళ్ళాలనిపించకపోయినా, చచ్చిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా వెంటనే డాక్టరుకి చెప్పాలి, దాచుకోకూడదు. ఈ రోజే సిస్టర్‌తో చెప్పు, రాత్రి ఏడుస్తున్నానని. అందులో సిగ్గుపడాల్సింది లేదు.

బ్లడ్ గ్రూపు నువ్వు ఎంచుకున్నది కాదు. నీ తప్పు అందులో ఎక్కడుంది తల్లీ?

మధ్యాహ్నం పాలు పట్టగానే పాపని మీ అమ్మకిచ్చి రెండు గంటలు పడుకో. ఫోన్ ఆపేయి. మేమెక్కడికీ పోము.


నర్సక్క_గుంటూరు
శుక్రవారం, మధ్యాహ్నం 3:05

నిద్రలేచి చూశాను. చాలా మంచి ప్రశ్నలు అడిగావు.

పాలు పట్టేటప్పుడు పాప పొట్ట నీ పొట్టకి ఆనాలి, చనుమొన ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న నల్లటి భాగం చాలావరకు నోట్లోకి వెళ్ళాలి. నొప్పి పుడుతుంటే చిటికెనవేలు నోటి మూలలో పెట్టి విడిపించి మళ్ళీ పట్టించు. నిద్రలోకి జారితే పాదాలు రుద్దు. మూడు గంటలు దాటనివ్వకు. మీ వార్డు సిస్టర్‌ని పక్కన నిలబడి చూడమని అడుగు, అది వాళ్ళ పనే. ఎన్నిసార్లు అడిగినా తప్పులేదు.

నీ ఒంటి సంగతి కూడా చూసుకో. తల్లికి బీపీ కాన్పు అయ్యాక మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య పెరిగే అవకాశం ఉంది. విపరీతమైన తలనొప్పి, కళ్ళు మసకలు, గంటకో ప్యాడ్ తడిసేంత రక్తం ఉంటే ఇంట్లో ఉన్నా సరే, అర్ధరాత్రి అయినా సరే రావాలి.


తొలికాన్పు_ఉయ్యూరు
శుక్రవారం, రాత్రి 9:20

రిపోర్టు వచ్చింది. 16.4.

లైటు కింద పెట్టారు. నీలం రంగు లైటు. కళ్ళకి గంతలు కట్టారు, డైపరు ఒక్కటే ఉంచారు. నా చేతులు ఇంకా వణుకుతున్నాయి. పొద్దున పదింటికి వెళ్ళిపోయి ఉంటే ఇప్పుడు మేం ఊళ్ళో ఉండేవాళ్ళం. రంగు చూసి ఎవరం ఏమీ అనుకునేవాళ్ళం కాదు. నిన్నటికీ ఈ రోజుకీ పాప ముఖంలో నాకు పెద్ద తేడా కనపడలేదు. నిజంగా కనపడలేదు.


నర్సక్క_గుంటూరు
శుక్రవారం, రాత్రి 9:34

కంటికి కనపడదమ్మా, మాకే కనపడదు చాలాసార్లు. మన పిల్లల చామనఛాయ ఒంట్లో మరీ కష్టం. అందుకే రక్తం తీస్తారు.

లైటు పనిచేస్తుంది, భయపడకు. విరేచనం పల్చగా, ఆకుపచ్చగా అవుతుంది, అది కామెర్లు బయటికి పోవటమే. రెండు, మూడు గంటలకోసారి తీసి పాలు పట్టు, అప్పుడు గంతలు విప్పి ముఖం చూసుకో, మాట్లాడు. పట్టగానే మళ్ళీ పెట్టెయ్. చూడ్డానికి వచ్చినవాళ్ళ కోసం బయటికి తీయొద్దు. ఎంతసేపు లైటు కింద ఉంటే అంత త్వరగా ఇంటికి.


మంగళగిరి_అమ్మ
శుక్రవారం, రాత్రి 9:50

గాజు అవతల కాదు, నీ పక్కనే ఉంది. చెయ్యి వేసి పట్టుకో చెల్లీ.


తొలికాన్పు_ఉయ్యూరు
ఆదివారం, ఉదయం 11:30

11.9కి దిగింది. లైటు ఆపేశారు. ఆపాక మళ్ళీ పెరుగుతుందేమో రేపు ఉదయం చూసి చెబుతామన్నారు. నిన్న రాత్రి నుంచి పాలు బాగా దిగాయి, పాప గటగటా మింగే శబ్దం వినిపిస్తోంది. అమ్మ కళ్ళు తుడుచుకుంది. సిస్టర్‌కి నా ఏడుపు గురించి చెప్పాను. ఆవిడ పక్కన కూర్చుని విన్నది. ఏడుపు నిన్న కొంచెంసేపే వచ్చింది.

నాన్న డబ్బు గురించి నాతో ఒక్క మాట అన్నాడు. "మినుములు మళ్ళీ వేస్తాం గానీ" అన్నాడు. అంతే.


తెనాలి_పిన్ని
ఆదివారం, మధ్యాహ్నం 12:05

రేపు దశమి అమ్మాయీ. దశమి సోమవారం. ఇంతకంటే మంచిరోజు మీ అత్తగారికి కూడా దొరకదు. వచ్చేటప్పుడు కారులో ఏసీ గాలి నేరుగా బిడ్డ మీద పడనివ్వొద్దు. గుమ్మంలో ఎర్రనీళ్ళు దిష్టి తీసి లోపలికి తీసుకెళ్ళండి.


బ్రాడీపేట_నాన్న
ఆదివారం, మధ్యాహ్నం 12:40

డిశ్చార్జి సమ్మరీలో ఈ మూడు కామెర్ల అంకెలూ, తీసిన సమయాలతో సహా రాయించుకోండి. తర్వాత వేరే డాక్టరుకి చూపించాల్సి వస్తే అదే ముఖ్యం. పుట్టుక రిజిస్ట్రేషన్‌కి ఆసుపత్రి వాళ్ళు వివరాలు పంపారో లేదో కనుక్కోండి, 21 రోజుల్లోపు అయితే రుసుము ఉండదు.


తొలికాన్పు_ఉయ్యూరు
సోమవారం, సాయంత్రం 6:15

ఇంటికి వచ్చేశాం. పొద్దున 12.3 ఉంది, లైటు ఆపాక ఆ మాత్రం పెరగటం మామూలేనన్నారు. బరువు 2 కిలోల 560. గురువారం మళ్ళీ చూపించాలి. అరచేతులు, అరికాళ్ళు పచ్చబడినా, పాలు తాగకపోయినా, ఒళ్ళు వేడెక్కినా లేక చల్లబడినా, గబగబా ఊపిరి తీస్తున్నా గురువారం దాకా ఆగకుండా రమ్మని కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం నాయనమ్మ మంచం పక్కన గోడకి అంటించాను, అందరికీ కనపడాలని. మా ఊరి ఆశా కార్యకర్త గారు అప్పుడే వచ్చి వెళ్ళారు. నెలన్నర దాకా లెక్క ప్రకారం వచ్చి చూస్తానన్నారు, రేపు మళ్ళీ ఒకసారి వస్తారట.

బట్టల సంచీ దేవుడి గూటి ముందే ఉంది. పాపని ఎత్తుకుని లోపలికి రాగానే నాయనమ్మ మొదట ఆ సంచీ విప్పి అందులోంచి పాత చీర గుడ్డ తీసి పాపకి చుట్టింది. ఎండలో పెట్టనులే అని తనే అంది.


మంగళగిరి_అమ్మ
సోమవారం, సాయంత్రం 6:30

ఈ రోజు ఎన్నిసార్లు తడిపింది?


తొలికాన్పు_ఉయ్యూరు
సోమవారం, సాయంత్రం 6:41

పొద్దున్నుంచి ఐదుసార్లు అక్కా. రాస్తున్నాను. ఇదిగో, ఇప్పుడు ఆరోసారి.